మా అన్న బూట్లు

మా ఇంటికి వచ్చినవాళ్ళను చెప్పులు విడవమని నేను అడగను. దీని మీద మా ఇంట్లో వారానికొకసారి పంచాయితీ నడుస్తుంది. కోడలు గచ్చు కడిగి నడుం నిలబెట్టుకునేలోపు ఎవరో ఒకరు బురద చెప్పులతో నట్టింట్లోకి వచ్చి కూర్చుంటారు. "దర్వాజ కాడ కూసునేది మీరే గద అత్తమ్మా, ఒక్క మాట అంటే నోరు నొస్తదా?" అంటుంది. ఆమె కోపంలో న్యాయముంది. నేను వినపడనట్టు ఊరుకుంటాను. ముసలిదానికి చెవుడొచ్చిందని పిల్లలు నవ్వుకుంటారు. చెవుడు వచ్చిన మాట నిజమే, కానీ ఆ మాట మాత్రం నాకు బాగానే వినిపిస్తుంది.

ఒకనాడు మనవరాలు సూటిగానే అడిగింది, ఇంతకీ విడవాలంటావా, వద్దంటావా అని. విడవాలి. అందులో అనుమానమేముంది? ఊరంతా తొక్కి వచ్చిన చెప్పుకు మనం అన్నం తినే చోట ఏం పని? అయినా నేను అడగను. ఎందుకో చెప్పడానికి ఇన్నేండ్లూ నోరు రాలేదు. ఇప్పుడు ధైర్యం వచ్చి రాస్తున్నానని అనుకోవద్దు. ఎవరి ముందు సిగ్గుపడాలో వాళ్ళంతా పోయారు, అంతే.

నేను పుట్టింది బీర్కూర్ దగ్గర ఒక పల్లెలో, వరి, చెరుకు పండించే ఇంట్లో. పొలంలోంచి వచ్చిన కాలు అలాగే వంటింటి దాకా వచ్చేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అత్తగారిల్లు బాన్సువాడ. వాళ్ళది బీడీల వ్యాపారం. వీధి దర్వాజ దాటగానే ఉండే మొదటి అర్రలో గోనెపట్టాలు పరిచి, వాటి మీద తడిపిన తునికాకు ఆరబోసేవాళ్ళు. ఎనిమిది, పదిమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, తంబాకు వేసి చుడుతూ కూర్చునేవాళ్ళు. ఇంట్లోకి పోవాలంటే ఆ అర్రలోంచే పోవాలి, వేరే దారి లేదు. అందుకని మా అత్త ఒక కట్టడి పెట్టింది. ఎంతటివాడైనా సరే చెప్పులు అరుగు కింద విడిచి, గోలెంలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని గడప దాటాలి.

"మంది నోట్లె పెట్టుకునేది ఇది. దీని మీద నీ కాలు పడ్డదంటే ఆళ్ళ నోట్లె నీ కాలు పెట్టినట్టే" అనేది.

ఒకసారి గిర్దావర్ వచ్చాడు. పన్నులు, భూములు చూసే సర్కారు మనిషి, మోకాళ్ళ దాకా బూట్లు. అంతటివాడిని విడవమంటే బాగుండదు, విడవకుండా రానిస్తే అత్తకు నిద్ర పట్టదు. ఆమె చప్పున వాకిట్లో నీడ చూసి కుర్చీ వేయించి, విసనకర్ర ఇచ్చి, చాయ్ కూడా అక్కడికే పంపింది. తనకెంత మర్యాద చేశారోనని మురిసిపోతూ వెళ్ళాడాయన. లోపల బీడీలు చుట్టేవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మా అత్త తెలివి అట్లాంటిది.

పెండ్లయి వచ్చిన వారానికే ఆ తెలివికి నేను చిక్కాను. పెరట్లో నీళ్ళు తోడి, తడికాళ్ళకు అంటిన మట్టితో, తెలియక ఆకు మీదుగా నడిచాను. అత్త కేకలు పెట్టలేదు. నా అడుగులు పడ్డ ఆకులను ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతూ, "ఏం పిల్లా, మీ ఊర్లె కాళ్ళు కడుగుడు లేదా?" అంది. బీడీలు చుట్టేవాళ్ళలో పెద్దామె ఒకతె, "నిజాంసాగర్ కాలువ ఇంకా ఆల్ల ఊరి దాక రాలేదేమో అక్కా" అంది. అర్రంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాలని చూశాను గానీ కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు నుంచి ఆ కట్టడికి అత్తకంటే నేనే పెద్ద కావలినయ్యాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చినవాడి కాళ్ళ మీద తప్ప మొహం మీద నా చూపు ఉండేది కాదు. మడమ తడవలేదని మా ఆయననే రెండుసార్లు గడప మీద ఆపాను. అత్త పెదవి కొస కొంచెం కదలడం నేను చూశాను. ఆ కొంచెం కోసమే నేను బతికినట్టుండేదాన్ని.

ఇక మా అన్న సంగతి చెప్పాలి. నాకంటే ఐదేండ్లు పెద్ద. మా నాయన తొందరగా పోతే ఇంటికి మగదిక్కు అన్నే అయ్యాడు. నాలుగు ముక్కలు ఉర్దూ వచ్చు కాబట్టి నిజాంసాగర్ కాలువ మీద నౌకరి దొరికింది. ఏ తూముకు ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసుకుంటూ సైకిల్ మీద కట్ట వెంట తిరిగే పని. నౌకరిలో చేరిన్నాటి నుంచి నల్లబూట్లు, మేజోళ్ళు వేసుకునేవాడు. కట్ట మీద పాములుంటాయనేవాడు. అందరూ నమ్మారు. నిజంగానే పాములుండేవి కూడా.

కానీ బూట్లు పాముల కోసం కాదు. మా అన్న కాలి మీద చిన్నప్పుడే ఒక తెల్లమచ్చ లేచింది. చీలమండ దగ్గర, నిమ్మాకంత. చెరుకు రసం కాచేటప్పుడు పాకం చింది కాలిందని మా అమ్మ అందరికీ చెప్పింది. నాకూ అదే చెప్పింది. నాకు పది, పన్నెండేండ్లప్పుడు రెండో కాలి మీద కూడా అట్లాంటిదే చూశాను. "పాకం రెండు కాళ్ళ మీద పడ్డదా అమ్మా?" అని అడిగాను. అమ్మ నన్ను అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు. ఆనాడు చెంప మీద ఒక్కటిచ్చి, "గీ మాట ఇంకెవ్వని ముందటన్న అన్నవంటే నాలిక కోస్త" అంది. చెప్పేసి తనే ఏడ్చింది. అన్న వాకిట్లోనే ఉన్నాడు, అంతా విన్నాడు. నాకు తెలుసని అన్నకు తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఊసు రాలేదు.

అది పెద్దరోగం కాదు, కుష్టు కాదు. వట్టి బొల్లి. నొప్పి లేదు, అంటుకునేది కాదు. కానీ ఆ రోజుల్లో తెల్లమచ్చంటే చాలు, మనిషి వాడిన చెంబు కూడా ముట్టేవాళ్ళు కాదు. అన్నకు పిల్లనెవరిస్తారన్నది అమ్మ దిగులు. ఆ దిగులుకు మందు నా పెండ్లితోనే దొరికిందనుకుంది. మాది కుండమార్పిడి సంబంధం. నన్ను ఆ ఇంటికిచ్చినట్టే, ఆ ఇంటి పిల్లను, అంటే నా ఆడబిడ్డను, మా అన్నకివ్వాలని నా పెండ్లినాడే పెద్దలనుకున్నారు. ఆ పిల్ల నాకంటే రెండేండ్లు చిన్న. ఈడొచ్చాక చేద్దామని ఆగారు. అన్న వస్తున్నాడంటే వాకిట్లో ముగ్గు రెండుసార్లు వేసేది. ఆమెకిష్టమని నాకు తెలుసు. అన్నకూ ఇష్టమే. ఈ సంబంధం తప్పితే ఇంకోటి లేదని మాత్రం మా అమ్మకూ అన్నకూనే తెలుసు. నాకూ తెలియాలి. నేను ఆలోచించలేదు, అంతే.

ముహూర్తం ఖాయం చేసుకునే రోజు వచ్చింది. నిజాంసాగర్ కట్టి అప్పటికి ఏడెనిమిదేండ్లయి ఉంటుంది. మా మామకు పెద్దన్న నస్రుల్లాబాద్‌లో ఉండేవాడు, ఇంటికి పెద్దమనిషి ఆయనే. ఆయన పొద్దున్నే వచ్చి లోపల పీట మీద కూర్చున్నాడు. మా ఆయన ఆకు కోసం నిజామాబాద్ పోయి ఇంకా రాలేదు. బీడీల పని మాత్రం ఆగలేదు, అర్ర నిండా చాటలే. ఎండ ఎక్కాక మా అన్న వచ్చాడు. సైకిల్ గోడకానించి, వెనక కట్టిన చెరుకు గడలు, బెల్లం ముద్ద విప్పి నా చేతికిచ్చాడు. ఇచ్చి, బూట్లతోనే అరుగు అంచు మీద కూర్చున్నాడు.

అంతకుముందు వచ్చినప్పుడల్లా పని తొందరని చెప్పి వాకిట్లోంచే వెళ్ళిపోయేవాడు. ఈసారి అట్లా కుదరదు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టాను.

"జర ఆగు చెల్లె. మామతోటి ఒక్క మాట మాట్లాడేదున్నది. గది అయినంక ఇడుస్త" అన్నాడు.

మామ అప్పటికే దర్వాజలోకి వచ్చాడు. "ఉండనియ్యి బిడ్డా. ఎండల వడి వచ్చిండు. నేనే అరుగు మీదికొస్త" అన్నాడు.

లోపలి నుంచి పెద్దమామ గొంతు వినిపించింది. "ఏందిరా, పిలగాన్ని బయట కూసోబెడ్తివి? లోపటికి రమ్మను."

"వస్తడు, వస్తడు. ఉండనియ్యి" అన్నాడు మామ మళ్ళీ.

చాటల దగ్గర ఆ పెద్దామె ఊరుకోలేదు. కాలువ మాట అన్న మనిషే. "సర్కారు నౌకరి దొరికినంక మీ అన్న బూట్లల్లనే పండుకుంటుండేమో పిల్లా" అంది. నవ్వులు. అందులో విషమేమీ లేదు, పెండ్లికొడుకును ఆట పట్టించడమే. కానీ నాకు ఆ నవ్వు పాత నవ్వులాగే వినిపించింది. లోపల అత్త తలెత్తి నా వంకే చూస్తోంది. గిర్దావర్‌ను కూర్చోబెట్టినట్టు మా అన్నను కూడా బయట కూర్చోబెట్టారని, వీళ్ళకు ఎట్లాగూ మర్యాద తెలియదు పోనీలెమ్మని మామ జాలిపడుతున్నాడని నాకు తోచింది. 

"మా ఊర్లె కాళ్ళు కడుగుడు ఉన్నదో లేదో ఇయ్యాల అందరు చూడుండ్రి" అన్నాను గట్టిగా, నవ్వుతూ. అని అన్న కాళ్ళ ముందు కూలబడి బూటు తాడు పట్టుకుని లాగాను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నాడు మామ మూడోసారి. ఈసారి గొంతు గట్టిగానే ఉంది.

అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. నా మొహంలోకి చూశాడు. నన్ను ఒక్క తోపు తోస్తే అయిపోయేది, కానీ అత్తగారింటి వాళ్ళ ముందు చెల్లెలిని ఏ అన్న తోస్తాడు? చేయి వదిలేశాడు.

అప్పుడు నాకు అమ్మ కొట్టిన దెబ్బ గుర్తుకు రాలేదు. ఇది నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం, నేనే సగం రోజులు నమ్మను. బూటు లాగాను. మేజోడు లాగాను. నిమ్మాకంత మచ్చ ఎక్కడుంది? పాదమంతా తెలుపు, వేళ్ళ నుంచి చీలమండ పైదాకా, పాలిపోయిన తెలుపు. మేజోడు నా చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది.

దగ్గరున్న ఆడమనిషి తన చాటను తన వైపు లాక్కుంది.  పెద్దమామ లేచి వచ్చాడు.

"గిదేంది? పెద్దరోగమా?"

"పెద్దరోగం గాదు పెదమామా. తెల్లమచ్చలే. నొప్పి లేదు, అంటుకునేది గాదు."

"మరి బూట్లల్ల దాసుకొని వస్తివేంది?"

అన్న మా మామ వంక చూశాడు. మామ అరుగు కింద వరసగా ఉన్న చెప్పుల వంక చూస్తున్నాడు. అన్న దయ కోసం చూస్తున్నాడని అనుకున్నాను నేను.

అత్త గడప దాకా వచ్చి నన్నడిగింది. "పిల్లా, నీకు ఎరుకనా ఇది?"

ఎరుకే అంటే నేను కూడా మోసం చేసి వచ్చినదాన్నవుతాను. దాచిపెట్టిన ఇంటి పిల్లనని రేపు నన్నే పుట్టింటికి పంపుతారు. నా కడుపున పుట్టబోయే పిల్లల కాళ్ళు కూడా చూస్తారు. ఇదంతా అప్పుడు ఇంత వివరంగా ఆలోచించానని చెప్పలేను. నోరు తెరిస్తే మాట వచ్చింది.

"ఎరుకలేదత్తా."

అన్న నా వంక ఒక్కసారి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "దానికేమెరుక, చిన్నది. దాసింది నేనే" అన్నాడు అత్తతో.

"సొంత చెల్లెకే చెప్పనోడు మనకు చెప్తడా?" అన్నాడు పెద్దమామ. ఆ మాటతో అంతా తేలిపోయింది. బొల్లి మీద ఇంకొంతసేపు మాట్లాడుకునేవాళ్ళేమో, వైద్యుడిని అడుగుదామనేవాళ్ళేమో. మోసం మీద మాట్లాడుకునేదేమీ ఉండదు. ఆ మోసానికి సాక్ష్యం నా నోట్లోంచే వచ్చింది.

అన్న రెండో బూటు తనే విప్పాడు. నేను తెచ్చిన చెంబెత్తి రెండు కాళ్ళ మీదా నీళ్ళు పోసుకున్నాడు. లోపలికి రాబోయేది లేదు, అయినా ఆ ఇంటి కట్టడి ప్రకారం కడిగాడు. తడి పాదాలకే మేజోళ్ళు తొడుక్కుని, తాళ్ళు కట్టుకుని, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు చాటున నా ఆడబిడ్డ నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ నీళ్ళు పడ్డచోట పేడ పెట్టి అలకమంది అత్త. నేనే అలికాను. మా అన్న కాళ్ళు కడిగిన నీళ్ళను చేత్తో తుడిచి, ఆ మడుగు కనపడకుండా మూడు పొరలు అలికాను. మిగతా వాటికి ఏదో ఒక సాకు చెప్పుకుంటాను. వయసు చిన్నదని, భయపడ్డానని. ఆ అలుకుడుకు మాత్రం నా దగ్గర సాకు లేదు. అందరికంటే శుభ్రంగా అలికాను, అత్త మెచ్చుకోవాలని.

ఆడబిడ్డను ఆ ఏడే దెగ్లూర్ దిక్కు ఇచ్చి చేశారు. అక్కడ మరాఠీ నేర్చుకుంది, పుట్టింటికి రావడం తగ్గించింది. మా అన్నకు ఎవరూ పిల్లనివ్వలేదు. సొంత చెల్లెకే తెలియకుండా దాచాడట అనే మాట బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయింది, అక్కడి నుంచి ఊరూరూ తిరిగింది. అన్న ఆ తర్వాత ఎవరింటికి పోయినా గడప దాటలేదు. పెండ్లయినా, చావయినా అరుగు మీద కూర్చుని లేచి వచ్చేవాడు. నాకు పుట్టింటి చీర మాత్రం ఏటా తెచ్చేవాడు. మా సందు మలుపు దగ్గర సైకిల్ దిగి, ఎవరితోనైనా కబురంపేవాడు. నేను పోతే సంచి ఇచ్చి, "మంచిగున్నవా?" అని అడిగి పోయేవాడు. బాగున్నాననేదాన్ని. ప్రతిసారీ చెప్పాలనుకునేదాన్ని. ఏం చెప్పాలో మలుపు దాకా కూడబలుక్కుని పోయి, సంచి తీసుకుని వచ్చేదాన్ని.

నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక మా మామ మంచాన పడ్డాడు. ఆయాసం. వంగలేడు కాబట్టి పొద్దున అన్నానికి ముందు ఆయన కాళ్ళు నేనే కడిగేదాన్ని. ఒకరోజు కడుగుతుంటే ఉన్నట్టుండి, "ఆ పిలగాడు నాకు ముందుగల్లనే చెప్పిండు బిడ్డా" అన్నాడు.

ఎవరన్నది అడగలేదు నేను.

"గానాటికి వారం ముందు అంగట్ల కలిసిండు. పక్కకు తీసుకపోయి బూట్లిప్పి చూపెట్టిండు. పెండ్లిపిల్లకు చెప్పమన్నడు. నేను చెప్పిన. పిల్ల సరేనన్నది. ఇంట్లోల్లకు, మా అన్నకు నేను నిదానంగ చెప్త, గా దాక బూట్లు ఇడువకుమని నేనే చెప్పిన. అందుకే నిన్ను ఉండనియ్యి అంటి." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నాకు ఎరుకనే అని మా అన్న ముందట అంటే అయిపోవు. నోరు రాలేదు."

మొదట నాకు మండిపోయింది. ఇంత తెలిసి, ఇంటి యజమానివై ఉండి, చెప్పుల వంక చూస్తూ నిలబడ్డావా అని అడగాలనిపించింది. అడగడానికి నాకేం మొహముంది? ఆయన చేసింది నేను చేసిందే. ఆయన మౌనంగా చేశాడు, నేను మాటతో చేశాను. ఆయన కండ్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకూ ఎరుకనే మామా, చిన్నప్పటి నుంచి ఎరుకనే" అని అంటే ఆ ముసలాయన బరువు సగం దిగేది. అనలేదు. పాదాలు తుడిచి, చెంబు తీసుకుని లోపలికి పోయాను. ఆ వానాకాలమే ఆయన పోయాడు. పాపమంతా తన ఒక్కడిదే అనుకుని పోయాడు.

అన్నకైనా చెప్పాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను. నాట్లు అయ్యాక పోదామనుకున్నాను, కోతలు అయ్యాక పోదామనుకున్నాను. చివరికి మా అమ్మ పోయిందని కబురొస్తే పోయాను.

నడి వేసవి. అత్త కూడా నాతో బండిలో వచ్చింది. అన్న ఒక్కడే కొడుకు కాబట్టి నిప్పు పట్టాల్సింది అన్నే. నిప్పు పట్టినవాడు చెప్పులు తొడగకూడదు. అన్న తడి పంచెతో, నిప్పుకుండ పట్టుకుని, పాడె ముందు నడిచాడు. ఊరివాళ్ళు ఆ కాళ్ళ సంగతి విన్నవాళ్ళే గానీ చూసినవాళ్ళు లేరు. ఆనాడు అందరూ చూశారు. తెలుపు పిక్కల దాకా పాకింది. ఇన్నేండ్లు బూట్లలో ఉండి అరికాళ్ళు మెత్తబడి పోయాయి. కాలే మట్టి మీద సరిగా అడుగు పడక, ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తున్నాడు. మా చిన్నప్పుడు చెరుకు మోళ్ళ మీద పరుగెత్తినవాడు.

మేము ఆడవాళ్ళం వెనక నడుస్తున్నాం. మా ఊరి ముసలామె ఒకతె నా పక్కన చేరి, "ఏం తల్లీ, సొంత చెల్లెవు, నీకే చెప్పలేదట గద మీ అన్న?" అంది.

"ఎరుకనే" అన్నాను. "చిన్నప్పటి సంది ఎరుకనే. మా అన్న దాయలేదు. నేనే అబద్ధమాడిన."

గట్టిగానే అన్నాను. ముందు డప్పులు మోగుతున్నాయి, అన్నకు వినపడే దారి లేదు. చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్ళు విన్నారు. మా అత్త విన్నది.  నడుస్తూనే, నా వంక చూడకుండా అంది.

"గీ మాట గానాడు అంటే, నా బిడ్డనిచ్చేదాన్ని. కాళ్ళకు గాదు నేను భయపడ్డది. ఇంట్లె ఎవ్వరికి చెప్పకుంట దాసే మనిషికి భయపడ్డ."

ఇచ్చేదో, ఇవ్వకపోయేదో. చావు దారిలో మనుషులు మంచి మాటలే అంటారు. కానీ ఆమె ఉత్తమాటలు మాట్లాడే మనిషి కాదని అప్పటికి నాకు బాగా తెలుసు.

అంతా అయ్యాక ఇంటికి తిరిగొచ్చాం. చావింటికి తిరిగొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని, లోపలికి పోయి, పోయినవాళ్ళ పేర పెట్టిన దీపం చూడాలి. అన్న అరుగు దగ్గర ఆగాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి, కిందికి వంగి, ఆ కాళ్ళ మీద నా చేత్తో పోశాను. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. 

"అన్నా, ఆనాడు నాకు ఎరుకనే" అన్నాను.

"నీకు ఎరుకనే అని నాకు ఎరుకలేదా?" అన్నాడు. ఇంకా పోయమన్నట్టు రెండో కాలు ముందుకు పెట్టాడు. కడగడమయ్యాక గోడ వైపు చూపించి, "గా బూట్లు ఇటు అందియ్యి చెల్లె" అన్నాడు.

అందించాను. తడి పాదాలకే తొడుక్కుంటుంటే కులపెద్ద ఒకాయన, "కర్మలయ్యేదాక చెప్పులు తొడగొద్దు పిలగా, మల్ల బూట్లతోటి ఇంట్లకా?" అంటూ అడ్డం వచ్చాడు.

"ఉండనియ్యుండ్రి" అన్నాను.

అన్న బూట్లతోనే గడప దాటి, అమ్మ దీపం దగ్గరికి పోయాడు.